సమానత్వం ఎవరి బాకీ

వివక్ష జరగాలంటే ఇద్దరుండాలి. ఒకరి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది: పని, కూలి, మందు, బియ్యం, బడిలో సీటు, చివరికి శ్మశానంలో ఆరడుగుల నేల. రెండోవారికి అది అవసరం. ఆ అవసరం ముందు మొదటివారు ఎలా నడుచుకోవాలన్నదే వివక్షను నిషేధించే చట్టాలన్నిటికీ మూలప్రశ్న. దీన్ని మతాలు ధర్మం పేరుతో అడిగాయి, తత్వశాస్త్రం న్యాయం పేరుతో అడిగింది, రాజ్యాంగాలు హక్కుల పేరుతో అడుగుతున్నాయి. అడిగే తీరును బట్టి జవాబూ మారుతుంది. ఆ మార్పు ఎంత దూరం పోతుందో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ చూపించినంత స్పష్టంగా దేశంలో మరో ప్రాంతం చూపించదు.

మతాల జవాబు అన్నిటికంటే పాతది. దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు ఒక గృహస్థుకు యజమాని విధులు ఐదు చెబుతాడు. పనివాళ్లకు వారి బలాన్ని బట్టి పని అప్పగించాలి, తిండీ కూలీ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, మంచి వంటకం దొరికిన రోజున వాళ్లకూ పెట్టాలి, సమయానికి సెలవివ్వాలి. పని గంటలు, కనీస వేతనం, వైద్యం, సెలవు అంటూ సాగే నేటి కార్మిక చట్టాల వరుసకు ఇది ఎంతో దగ్గర. ఆచార్య నాగార్జునుడు ఒక రాజుకు రాసిన రత్నావళి ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఆ రాజు శాతవాహనుడని సంప్రదాయం చెబుతుంది. రోగులను, దిక్కులేనివారిని పట్టించుకోవడం పాలకుడి పనేననీ, చెరలో ఉన్నవాడికి సైతం అన్నం, స్నానం, మంగలి, మందు అందాలనీ అందులో నాగార్జునుడు కోరతాడు. తప్పు చేసినవాడికి కూడా చెల్లించాల్సింది ఉంటుందన్న ఈ ఆలోచన ఆ కాలానికి చాలా పెద్దది.

అయితే ఈ విధులన్నీ ఇచ్చేవాడి వైపు నుంచే చెప్పినవి. యజమాని తప్పితే అతనికి పాపం అంటుతుంది, పనివాడికి మాత్రం అడిగే దారి తెరుచుకోదు. దయ ఎంత గొప్పదైనా అందుకునేవాడు చేయి చాచి నిలబడక తప్పదు. ధర్మానికీ హక్కుకూ మధ్య తేడా ఇక్కడే ఉంది. అంబేడ్కర్ ఈ రెంటినీ కలపాలని చూశాడు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాత్రం అన్న తన సూత్రాలను రాజనీతి శాస్త్రం నుంచి తీసుకోలేదనీ, వాటి వేళ్లు బుద్ధుడి బోధలో ఉన్నాయనీ 1954లో ఆకాశవాణి ప్రసంగంలో ప్రకటించాడు. ఆయన మార్చినది ఒక్కటే, అయితే అది అన్నిటికంటే ముఖ్యమైనది. బాకీని వసూలు చేసుకునే అధికారం బాకీ ఉన్నవాడి మనస్సాక్షి నుంచి రావలసినవాడి చేతికి వచ్చింది.

రాజ్యాంగంలో ఆ అధికారం 14 నుంచి 17 వరకు ఉన్న అధికరణల్లో ఉంది. 14వది చట్టం ముందు సమానత్వాన్ని, 16వది ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశాన్ని ఇస్తాయి, 17వది అంటరానితనాన్ని రద్దు చేస్తుంది. వీటిలో చాలా భాగం ప్రభుత్వాన్ని కట్టడి చేసేవే. 17వ అధికరణ, 15వ దాని రెండో క్లాజు మాత్రం మామూలు మనిషినీ నేరుగా పట్టుకుంటాయి. దుకాణంలోకి, హోటల్లోకి, బావి దగ్గరికి, చెరువు దగ్గరికి, జనం వాడుకునే చోట్లకు మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా ఎవరినీ రాకుండా ఆపకూడదని ఆ క్లాజు చెబుతుంది.

దుకాణం అంటే ఏది? 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో ఈ ప్రశ్న వచ్చింది. సేవ కోరి వచ్చిన ఎవరికైనా సేవ చేయడానికి సిద్ధమై కూర్చున్న ప్రతి చోటూ దుకాణమేనని అంబేడ్కర్ జవాబిచ్చాడు. జనం వాడుకునే చోట్లలో శ్మశానాలు కూడా వస్తాయా అని అడిగినప్పుడు, పూర్తిగా గానీ కొంత గానీ ప్రభుత్వ సొమ్ముతో నడిచేవైతే తప్పకుండా వస్తాయన్నాడు. చచ్చిపోయాక ఏమవుతుందో ఎవరు పట్టించుకుంటారన్న చమత్కారం కూడా ఆ జవాబులో ఉంది. 76 ఏళ్ల తర్వాత బస్తర్‌లో ఒక కుటుంబం సరిగ్గా ఆ విషయం మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

అంబేడ్కర్ ఇచ్చిన విశాలార్థాన్ని సుప్రీంకోర్టు 2011 మే 12న బలపరిచింది. ఢిల్లీలోని సైనిక వైద్య కళాశాల తన సీట్లన్నిటినీ సైనిక కుటుంబాల పిల్లలకే కేటాయించుకోవడం చెల్లదని ఆ రోజు తీర్పు వచ్చింది. ప్రజలకు సేవలందించే ప్రైవేటు విద్యాసంస్థ కూడా 15(2) పరిధిలోని దుకాణమేనని ధర్మాసనం భావించింది. ఆ తీర్పు ఇచ్చినవారు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్. రెండు నెలలైనా గడవక ముందే, జూలై 5న, అదే ఇద్దరు ఛత్తీస్‌గఢ్ విషయంలో మరో తీర్పు ఇచ్చారు. మొదటిది సేవ కోరి వచ్చినవారి గురించి, రెండోది పని చేసిపెట్టినవారి గురించి. తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక న్యాయమూర్తి పదవీ విరమణకు కొద్దిగా ముందు వెలువరించిన ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితే, వివక్ష నిషేధానికి ఉన్న రెండు కొసలూ ఒకచోట దొరుకుతాయి.

రెండో తీర్పు పుట్టిన నేల దక్షిణ బస్తర్, అంటే నేటి బీజాపూర్, సుక్మా, దంతెవాడ జిల్లాలు. బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్లే దారిలో ఉన్న మద్దేడ్ ఈ ప్రాంతంలోదే. అక్కడి ఇళ్లలో తెలుగు, దోర్ల, గోండి వినిపిస్తాయి, ప్రభుత్వ కాగితం హిందీలో వస్తుంది. సరిహద్దు దాటితే తెలంగాణ. 163వ నంబరు జాతీయ రహదారి హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా భోపాలపట్నం చేరుతుంది. పరిపాలన రాయ్‌పూర్‌ది, బంధుత్వాలు, సంతలు, కూలి పనులు చాలా మటుకు తెలుగు వైపువి.

2005లో బీజాపూర్ ప్రాంతంలో మావోయిస్టు వ్యతిరేక ఉద్యమమైన సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులను ఎదుర్కోవడానికి స్థానిక ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా, అంటే ఎస్పీఓలుగా తీసుకున్నారు. జనం నోట వాళ్లు కోయ కమాండోలయ్యారు. తీర్పు వచ్చే నాటికి వారి సంఖ్య సుమారు 6,500. గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. ఐదో తరగతి చదివితే చాలు. శిక్షణ రెండు నెలలు. ఆ రెండు నెలల్లోనే తుపాకీ వాడటంతో పాటు చట్టాలు, మానవ హక్కులు కూడా నేర్పేశామని ప్రభుత్వం చెప్పుకుంది. అప్పటికే 173 మంది ఎస్పీఓలు చనిపోయారు.

ప్రభుత్వ వాదన తేలిగ్గా తోసెయ్యగలిగేది కాదు. ఈ యువకులకు అడవి తెలుసు, భాష తెలుసు, ఎవరు ఊరివారో ఎవరు బయటివారో తెలుసు. ఇష్టపడే వచ్చారు. పని లేని చోట పని దొరికింది. పోలీసులు చేసే పనే వీరూ చేస్తున్నారు కాబట్టి ఇందులో తేడా చూపిందెక్కడ అన్నది ఆ వాదన సారం.

తత్వశాస్త్రంలో ఎంతో కాలంగా నలుగుతున్న ఒక ప్రశ్న ఇక్కడ మనుషుల ప్రాణాల మీదికి వచ్చింది. సమానులను సమానంగా, అసమానులను వారి తేడాకు తగ్గట్టు చూడటమే న్యాయమని అరిస్టాటిల్ నికొమాకియన్ ఎథిక్స్ ఐదో పుస్తకంలో వాదించాడు. ఆ సూత్రం పేరుతో లోకంలో జరిగిన అన్యాయాలకు లెక్కలేదు, ఎవరు అసమానులో తేల్చేది ఎప్పుడూ పైవాడే కావడం వల్ల. కానీ 2011 తీర్పు ఆ సూత్రాన్ని కిందివాడి పక్షాన నిలబెట్టింది. ఏళ్ల చదువు, పూర్తి శిక్షణ, పూర్తి జీతం ఉన్న పోలీసు ఎదుర్కొనే ప్రమాదాన్నే ఐదో తరగతి చదివిన కుర్రవాడి మీద, గౌరవ వేతనం మీద, ఏడాదికోసారి కొనసాగించే నియామకం మీద మోపడం 14వ అధికరణకు విరుద్ధమని ధర్మాసనం తేల్చింది. ప్రమాదం సమానం, సన్నద్ధత అసమానం. బతికే హక్కునిచ్చే 21వ అధికరణ కూడా భంగపడిందని చెప్పింది. బలాన్ని బట్టి పని అప్పగించాలన్న బుద్ధుడి మొదటి విధి ఏ న్యాయమూర్తీ పేరెత్తకుండానే రాజ్యాంగ ధర్మంగా నిలిచింది.

ఇష్టపడి వచ్చారన్న మాటకు కూడా అదే జవాబు సరిపోతుంది. సల్వాజుడుం రోజుల్లో ఊరు కాలిపోయాక, శిబిరంలో ఉంటూ, కళ్ల ముందు మరో దారి లేనప్పుడు ఇచ్చిన ఒప్పుకోలుతో యజమాని బాధ్యత తీరిపోదు. పైగా భాష, అడవి తెలియడం అనే ఏ నైపుణ్యం కోసం వాళ్లను ఎంచుకున్నారో ఆ నైపుణ్యమే తోటి ఊరివాళ్లకు వాళ్లను గుర్తుపట్టించి, ప్రతీకారానికి ఎదురుగా నిలబెట్టింది. దానికి జీతంలో విలువ కట్టినవారు లేరు. తీర్పు వచ్చిన ఏడాదే ఛత్తీస్‌గఢ్ శాసనసభ సహాయక సాయుధ పోలీసు దళ చట్టం చేసి ఎస్పీఓలను అందులోకి తీసుకుంది. దీని మీద వేసిన కోర్టు ధిక్కార పిటిషన్‌ను 2025 మే 15న సుప్రీంకోర్టు ముగించింది, శాసనసభ చట్టం చేయడం ధిక్కారం కాదని చెబుతూ. ఉద్యోగ భద్రత దొరికింది, అది చిన్న మేలు కాదు. బలానికి మించిన పని అన్న మూల అభ్యంతరం మాత్రం అలాగే ఉంది.

సేవ కోరేవారి వైపు వివక్ష ఇంత బాహాటంగా ఉండదు. మద్దేడ్ లాంటి చోట ఆసుపత్రి మెట్ల మీద, బ్యాంకు కౌంటర్ ముందు, రేషన్ దుకాణంలో నువ్వు రావద్దని చెప్పేవారు ఉండనక్కర్లేదు. ఫారం అందరికీ ఒకటే, అది హిందీలో ఉంటుంది, అంతే. దోర్ల మాత్రమే వచ్చిన ముసలమ్మకు నొప్పి ఎక్కడో డాక్టరుకు చెప్పుకోవడానికి మనవడు తోడు రావాలి. నియమంలో తేడా లేదు, ఫలితంలో ఉంది. ఇలాంటిదాన్ని పరోక్ష వివక్ష అంటారు. అమెరికా సుప్రీంకోర్టు 1971లో డ్యూక్ పవర్ కంపెనీ కేసులో దీన్ని గుర్తించింది. పనికి సంబంధం లేని చదువు, పరీక్షల నిబంధనలు నల్లజాతి కార్మికులను మంచి ఉద్యోగాలకు దూరం చేస్తుంటే, కంపెనీ ఉద్దేశం ఏదైనా ఫలితమే చూడాలని చెప్పింది. మన సుప్రీంకోర్టు 2021 మార్చిలో లెఫ్టినెంట్ కల్నల్ నితీషా కేసులో, సైన్యంలోని మహిళా అధికారుల విషయంలో, అదే దారి పట్టింది. పైకి అందరికీ ఒకేలా కనిపించే కొలమానం కూడా వివక్ష కావచ్చని, చెడు ఉద్దేశం రుజువు కావలసిన అవసరం లేదని స్పష్టం చేసింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించాలని 1956లో చేర్చిన 350ఎ అధికరణ చెబుతుంది. ఈ మూడు ముక్కలనూ కలిపితే, వచ్చినవారి భాషలో ఒక్క మనిషైనా కౌంటర్ వెనుక ఉండాలన్న బాధ్యత ప్రభుత్వం మీద పడుతుందని వాదించవచ్చు. వాదించాలి కూడా.

ఆ ఒక్క మనిషి ఎవరు కావాలన్న దగ్గరే చిక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ బడులకు మైదానం నుంచి వచ్చే టీచర్లు సరిగా రాకపోవడం, వచ్చినా పిల్లల భాష తెలియకపోవడం పాత గోడు. దానికి మందుగా 2000 జనవరి 10న జీవో నంబర్ 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే. 1950 జనవరి 26 నుంచి ఆ ప్రాంతంలో ఉంటున్న కుటుంబాలవారే స్థానికులు. 2020 ఏప్రిల్ 22న చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని కొట్టివేసింది. నూరు శాతం రిజర్వేషన్ ఇతరుల సమాన అవకాశాన్ని పూర్తిగా మూసేస్తుందని, 1950 తర్వాత వచ్చి స్థిరపడిన గిరిజనులకే అది అన్యాయం చేస్తుందని, అయిదో షెడ్యూలు గవర్నర్‌కిచ్చిన అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోలేదని చెప్పింది. అప్పటికే జరిగిన నియామకాలను కదపలేదు. ఇక మీదట ఇలా చేయకూడదన్న షరతు పెట్టి, రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి 5 లక్షల రూపాయల ఖర్చులు కట్టాలంది.

1950 నాటి గీత విషయంలో కోర్టు అభ్యంతరం బలమైనది. నూరు శాతం అన్న అంకె మీదా వాదన ఉంది. కానీ ఆ తీర్పు ఉద్యోగం కోరేవారిని చూసినంత శ్రద్ధగా బడికి వచ్చే పిల్లను చూడలేదు. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలన్న ఆలోచనను ధర్మాసనం కఠినంగా తోసిపుచ్చింది. నిజానికి అక్కడ ప్రశ్న టీచరు పుట్టుక కంటే ఎక్కువగా పిల్లకు అర్థమయ్యే భాషది, టీచరు రోజూ బడికి వచ్చే దూరానిది. భాష వచ్చి ఉండటాన్ని అర్హతగా, చేరాక ఊళ్లోనే నివాసముండటాన్ని ఉద్యోగ షరతుగా పెట్టి ఉంటే అదే ప్రయోజనం 16వ అధికరణకు తగలకుండా నెరవేరేది. ఉద్యోగి సమానత్వం, సేవ పొందేవారి సమానత్వం ఒకదానితో ఒకటి ఢీకొన్నప్పుడు ఎవరు బలహీనులో చూడటం అవసరం. పోస్టు రాని నిరుద్యోగికి ఇంకో నోటిఫికేషన్ వస్తుంది, ఒకటో తరగతిలో మాట అర్థం కాక బడి మానేసిన పిల్లకు ఆ ఏడు తిరిగి రాదు.

ఈ చట్టాలన్నీ పట్టాలంటే ముందు మనిషికి ఉద్యోగి అన్న హోదా ఉండాలి. బస్తర్‌లో ఎక్కువ పని ఆ హోదా బయటే జరుగుతుంది. వేసవిలో తునికాకు కోసేవారు చట్టం దృష్టిలో కూలీలు కారు, సహకార సంఘానికి ఆకు అమ్మేవారు. యాభై ఆకుల కట్టలు వెయ్యి అయితే ఒక స్టాండర్డ్ బస్తా, అంటే 50,000 ఆకులు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో బస్తా ధరను 4,000 నుంచి 5,500 రూపాయలకు పెంచింది. ధర పెరిగింది, కానీ ఎండలో పడిపోయినవారికి యజమాని అంటూ ఎవరూ లేరు. 2002లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన మితానిన్ పథకంలో ఊరి ఆడవాళ్లు స్వచ్ఛంద ఆరోగ్య కార్యకర్తలయ్యారు. తర్వాత దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తలకు వాళ్లే నమూనా. అంగన్‌వాడీ కార్యకర్తలదీ ఇలాంటి స్థితే. వారికి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. పని తీసుకున్నంత కాలం అవసరమైన మనిషి, బాకీ లెక్క వచ్చేసరికి స్వచ్ఛంద సేవకురాలు కావడం ప్రభుత్వాలకు ఎంతో కాలంగా కలిసివస్తున్న ఏర్పాటు. ఆ పేరు పెట్టడంలోనే మొదటి వివక్ష జరిగిపోతుంది.

ప్రభుత్వాన్ని అనేముందు తెలుగు రైతు కూడా తన కల్లం వైపు చూసుకోవాలి. ఏటా మిర్చి కోతలకు బీజాపూర్ పల్లెల నుంచి కూలీలు ములుగు, భద్రాద్రి, ఖమ్మం చేలకు వస్తారు. మేస్త్రీ తీసుకొస్తాడు, రైతుకు వాళ్ల పేర్లు కూడా తెలియవు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అయిదుగురికంటే తక్కువ ఉన్న జట్లను చూడనే లేదు. దాని స్థానంలో వచ్చి 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ మిర్చి చేల నుంచి అడవి దారిన ఇంటికి నడిచి వెళ్తూ బీజాపూర్ జిల్లాకు చెందిన 12 ఏళ్ల బాలిక ఇల్లు చేరక ముందే చనిపోయింది. ఆ వయసు పిల్లను కూలికి పెట్టుకోవడమే మొదటి నేరం. సల్వాజుడుం రోజుల్లో గోదావరి దాటి వచ్చి తెలంగాణ అడవుల్లో స్థిరపడ్డ గొత్తికోయలది మరో ఇరకాటం. ఎస్టీ హోదా రాష్ట్రం మారితే వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తరిమినందువల్ల వలస వచ్చినవాడికీ, ఉద్యోగం కోసం వలస వెళ్లినవాడికీ ఒకే నియమం వర్తిస్తోంది.

చివరిది శ్మశానం. బస్తర్ జిల్లా దర్భా బ్లాకులోని ఛింద్‌వాడ గ్రామంలో 2025 జనవరి 7న ఒక క్రైస్తవ పాస్టర్ మరణించాడు. మహరా కులానికి చెందిన ఆ కుటుంబం మూడు తరాలుగా క్రైస్తవంలో ఉంది. ఊరి శ్మశానంలోగానీ సొంత పొలంలోగానీ పూడ్చడానికి గ్రామస్థులు ఒప్పుకోలేదు. హైకోర్టులో కుమారుడికి ఊరట దొరకలేదు. శవం మార్చురీలో ఉండగానే జనవరి 27న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు దారులు పట్టారు. గ్రామ పంచాయతీ తీరు ద్వేషపూరిత వివక్షకు దారితీసిందని, సొంత పొలంలో పూడ్చనివ్వాలని జస్టిస్ బి.వి. నాగరత్న అన్నారు. కోరుకున్న చోటే పూడ్చే హక్కు ఎవరికీ లేదని, క్రైస్తవులకు కేటాయించిన శ్మశానం 20, 25 కిలోమీటర్ల దూరంలోని కర్కపాల్‌లో ఉందని జస్టిస్ సతీష్ చంద్ర శర్మ అభిప్రాయపడ్డారు. శవం ఇంకా ఆగకూడదన్న కారణంతో విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపకుండా, 142వ అధికరణ కింద కర్కపాల్‌లోనే పూడ్చాలని ఇద్దరూ కలిసి ఆదేశించారు.

ఇందులో మతానికి సంబంధించిన ప్రశ్న చాలా లోతైనది, దాన్ని తేలిగ్గా తీసుకోవడం ఊరివారికి అన్యాయం. ఆదివాసీ ఊళ్లో నేల ఊరి దేవతది, పూర్వీకులది. శ్మశానం ఊరి వంశవృక్షంలో భాగం. వేరే దేవుణ్ణి కొలిచినవాడు ఆ నేలలో కలిస్తే పెద్దల సంబంధం తెగుతుందన్న భయం నిజమైనదే. కానీ ఊరి పొత్తు మతంతోనే ముడిపడి ఉందనుకుంటే, మూడు తరాలు అక్కడే దున్ని, అక్కడే కని, అక్కడే పన్ను కట్టిన కుటుంబానికి ఊరు ఏమీ బాకీ లేదనాల్సి వస్తుంది. సొంత పొలం విషయంలో ఆ భయం కూడా సరిపోదు, అది ఊరి నేల కాదు. ఇరవై కిలోమీటర్ల అవతల వేరే చోటు చూపించడం 1950కి ముందు దళితవాడకు వేరే బావి చూపించిన తర్కానికి దగ్గరగా వస్తుంది. 1948లో అంబేడ్కర్ ఇచ్చిన జవాబును ఈ కేసుకు పూర్తిగా అన్వయించే తీర్పు ఇంకా రావలసే ఉంది.

వివక్ష మొత్తాన్ని ఒక చోట నిషేధించే చట్టం దేశంలో లేదు. కులం విషయంలో 1955, 1989 చట్టాలు, వైకల్యానికి 2016, హెచ్ఐవీకి 2017, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 చట్టాలు, స్త్రీ పురుష వేతనాల్లో తేడాకు 2019 వేతన కోడ్ ఉన్నాయి. సమాన అవకాశాల కమిషన్ పెట్టాలని 2006లో సచార్ కమిటీ సూచించింది. వివక్ష నిషేధం, సమానత్వం మీద శశిథరూర్ లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ప్రతి ప్రభుత్వ సంస్థ మీదా ముందే ఆలోచించే విధిని మోపింది: ఏ నిర్ణయం ఎవరి మీద ఎలా పడుతుందో నిర్ణయానికి ముందే చూడాలి. ఇక్కడ అలాంటి విధి లేదు. 2005లో జొరాస్ట్రియన్ గృహనిర్మాణ సంఘం కేసులో ఒకే మతంవారికి సభ్యత్వం పరిమితం చేసుకోవచ్చన్న తీర్పు, 2011లో దుకాణానికి ఇచ్చిన విశాలార్థం పక్కపక్కనే ఉన్నాయి. మతం పేరుతోనో భాష పేరుతోనో ఒక ప్రైవేటు యజమాని పని లేదన్నా, ఇల్లు అద్దెకివ్వనన్నా అడగడానికి ప్రత్యేక చట్టం లేదు. రాయ్‌పూర్, హైదరాబాద్, అమరావతి శాసనసభలకు తమ పరిధిలోని విషయాల మీద ఇలాంటి చట్టం చేసే అధికారం ఉంది. గౌరవ వేతనం మీద పనిచేసేవారిని, మేస్త్రీ కింద వచ్చేవారిని, కౌంటర్ ముందు మాట రాక నిలబడేవారిని అందులో మొదటి క్లాజులోనే చేర్చాలి.